పేరు మోయుట



మొన్న ఆరాధన ముగిసిన తరువాత ఒక బాలుడు ఇంగ్లీషు పాఠ్యపుస్తకముతో నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఫేమస్ అన్నా నొటోరియస్ అన్నా పేరున్నవాడనేగదా అర్థం?" అని అడిగెను.

ఆ ప్రశ్న నన్ను ఆలోచింపజేసెను. నొటోరియస్ అను మాట, 'తెలిసిన' అను అర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. మొదట అందులో చెడు లేదు. దుష్కార్యములతో జతగా పలుకగా పలుకగా దానికి చెడు అంటుకొనెను. మంచి వైద్యుని ఇప్పుడు ఆ మాటతో పిలిచినయెడల అది నిందయే. మన తెలుగులో 'పేరుమోసిన' అను మాట ఇంకను రెండు ప్రక్కల నిలిచియున్నది. పేరుమోసిన వైద్యుడందుము, పేరుమోసిన దొంగ అందుము. ఆ మాట విన్నప్పుడెల్ల నాకు తలమీది మూట జ్ఞాపకమునకు వచ్చును. ఆ మూటను తలకెత్తినది ఎవరు?

తన క్రియలచేత అపకీర్తి తెచ్చుకొన్నవాడు తన మూటను తానే కట్టుకొన్నాడు. అయితే పుట్టకముందే మూట సిద్ధమైయున్న బిడ్డ సంగతి ఏమి?

మన ప్రాంతపు ఎరుకలవారిని తలంచుడి. ఎరుక చెప్పుదురు, బుట్టలు అల్లుదురు. వారి పూర్వులు అనేకులు గాడిదలమీద ఉప్పును, ధాన్యమును ఊరూర అమ్మి బ్రదికిరి. రైళ్లు వచ్చిన తరువాత ఆ వ్యాపారము చెడెను. ఇంగ్లీషువారి ప్రభుత్వము 1871లో నేరస్థ జాతుల చట్టము చేసెను. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911వ సంవత్సరముననే అది క్రొత్త రూపములో మదరాసు రాజధానికిని వచ్చెను. దాని క్రిందికి వచ్చిన కులములవారు వ్రేలిముద్రలు వేయవలెను, హాజరు చెప్పవలెను, అనుమతి లేక ఊరు దాటకూడదు. నేరము రుజువు కానక్కరలేదు. ఆ కులమున పుట్టుటయే చాలును. ఎరుక చెప్పువారిని ఎరుగకయే వారికి పేరు పెట్టిరి.

ఇందులో మన సంఘములును నిర్దోషులు కావు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీవారు, కావలిలో మరియొకదానిని అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నడిపిరి. బడి పెట్టిరి, పని చూపిరి, అది మేలే. కాని సువార్త పుస్తకము పట్టిన చేతులలోనే హాజరు పుస్తకమును ఉండెను.

ఆ చట్టము మదరాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతట 1952లోను రద్దాయెను. చట్టము పోయెను గాని పేరు పోలేదు. నేటికిని దొంగను గూర్చిన హాస్యమునకు స్టూవర్టుపురము పేరు వాడువారున్నారు.

ఇతరుల సంగతి ఏల? నా తప్పు చెప్పుకొందును. చాల యేండ్ల క్రిందట, నేనున్న పల్లెలో కోతపండుగ ముందు గుడి ఇత్తడి పళ్లెము కనబడలేదు. ఎవరును నోరు తెరవలేదు గాని, పెద్దల కన్నులన్నియు ఊరి చివర బుట్టలల్లువాని గుడిసె వైపు తిరిగెను. నా కన్నులును తిరిగెను. మూడవ దినమున ఆ పళ్లెము నా పెట్టెలోనే, బల్లగుడ్డల క్రింద దొరికెను. నేనే దాచి మరచితిని.

క్షమాపణ అడుగుటకు వెళ్లితిని. ఆయన అల్లిక ఆపక, "మీరు ఎతకను వస్తారని తెలుసు అయ్యా. అందుకే మూడు దినాలూ తడిక తీసే పెట్టినా" అనెను. కోపపడియుంటే నాకు ఇంత బాధ లేకపోవును.

మన ప్రభువునకును ఊరినిబట్టి చెడ్డపేరు వచ్చెను; నజరేతునుండి మంచిది రాగలదా అని నతనయేలు అనలేదా? భోజనప్రియుడనిరి, సుంకరుల స్నేహితుడనిరి. తుదకు ఇద్దరు దొంగల నడుమ వ్రేలాడదీసిరి. తనది కాని పేరును ఆయన మోసెను. అట్టి ప్రభువును వెంబడించు మనము పొరుగువాని తలమీద మూట పెట్టవచ్చునా?

ఒకనిగూర్చి చెడు విన్నప్పుడు, నేను కన్నది ఏమి, విన్నది ఏమి అని మొదట మనలను మనము అడుగుకొందము. కననిది పలుకకుందము. బుట్టలు అమ్మువాడు మన వాకిట నిలిచినప్పుడు, కులము పేరుతో గాక అతని స్వంత పేరుతో పిలిచి, దించుకొనుటకు ఒక చేయి వేయుదము.

ప్రభువు మన కన్నులను, మన నాలుకలను శుద్ధి చేయును గాక. ఆమేన్.