కడిగిన వలను మళ్ళీ తడపడం



బందరు గిలకలదిండి రేవులో వల కడుక్కుంటున్నవారిని మీరు చూసే ఉంటారు. వల కడిగారంటే ఆ పూటకు పని ముగిసిందన్నమాటే. లూకా సువార్త 5వ అధ్యాయంలో సీమోను పేతురు ఆ పనిలోనే ఉన్నాడు. రాత్రంతా శ్రమపడినా ఒక్క చేప దొరకలేదు. అటువంటివానిని ప్రభువు మళ్ళీ లోతుకు వెళ్ళమన్నారు. వడ్రంగికి చేపల సంగతి ఏం తెలుసు? మనమైతే ఆ మాట అనేవారమే!

పేతురు మాత్రం ఏమీ దొరకలేదని ముందు చెప్పుకున్నాడు. ఆ తరువాతనే, ప్రభువు మాట మీద వల వేశాడు. కాబట్టి దేవుని ముందు కష్టం చెప్పుకోవడం అవిశ్వాసం కాదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. వేలాదిమంది చనిపోయారు. చేతికి రావలసిన వరి మీద ఉప్పునీరు నిలిచింది. వారికి విశ్వాసం చాలలేదని అనగల నోరు ఎవరికుంది? ఉప్పు పట్టిన నేలను మంచినీటితో మళ్ళీ మళ్ళీ కడగాలి. పండుతుందన్న పూచీ లేకుండానే ఆ నేలలో మళ్ళీ విత్తనం వేసినవారున్నారు. గుడివాడ వైపు శివారు పొలానికి కాలువ నీరందక నారు ఎండిన రైతుకూ ఈ బాధ తెలుసు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీ ఇంట ఫలించని పనిని పేరు పెట్టి ప్రభువుకు చెప్పండి.

విధేయతకు కూలి చేపలేనని కొందరు బోధిస్తారు. నాకది రుచించదు. ఆ రోజు రెండు పడవలు నిండాయి. ఒడ్డుకు చేరగానే పేతురు వాటన్నిటినీ అక్కడే విడిచి, ప్రభువు వెంట నడిచాడు.