థాంక్స్‌గివింగ్ సెలవులు, అద్దె కారు, నలుగురు స్నేహితులు

ఎమ్మెస్ కోసం ఆగస్టులో అమెరికా చేరిన తెలుగు విద్యార్థులకు తొలి పెద్ద సెలవు నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్. అప్పటికి చలి మొదలవుతుంది, ఇంటి మీద బెంగ ముదురుతుంది. నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకునేది అప్పుడే. డాలస్ ప్రాంతంలో చదివేవారు ఇష్టపడే దారుల్లో అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ దారి ఒకటి. అమరిల్లో, ఆల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్‌ల మీదుగా ఒకవైపే వెయ్యి మైళ్లకు పైమాట. అంటే హైదరాబాదు నుంచి ఢిల్లీకి రోడ్డు మీద వెళ్లడం కన్నా ఎక్కువే.

మొదటి పరీక్ష అద్దె కౌంటరు దగ్గరే ఎదురవుతుంది. 25 ఏళ్లు నిండని డ్రైవరుకు కంపెనీలు సాధారణంగా రోజుకింత అదనంగా వసూలు చేస్తాయి. ఆ డబ్బు మిగులుతుందని వయసులో పెద్దవాడైన సీనియర్ పేరు ఒక్కటే రాయించి, దారిలో అందరూ తలా కాసేపు నడపడం మామూలైపోయింది. అగ్రిమెంటులో పేరు లేనివాడు నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా చేతులెత్తేయవచ్చు. భారమంతా సంతకం పెట్టిన సీనియర్ నెత్తిన పడుతుంది. స్నేహం కొద్దీ పేరిచ్చినవాణ్ణి అప్పులపాలు చేయడం అన్యాయం. నడిపేవాళ్లందరి పేర్లూ రాయించాలి.

డబ్బు సంగతి నలుగురికీ ఒకటి కాదు. ఒకరికి క్యాంపస్‌లో ఉద్యోగం ఉంటుంది, ఇంకొకరు పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మీద చదువుతుంటారు. ఎంతవుతుందో బయల్దేరే ముందే చెబితే, రాలేనివాడు గౌరవంగా తప్పుకోగలడు. పెట్రోలు, మోటెల్, కాఫీ అన్నీ ఏ రోజుకారోజు ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఎక్కిస్తే తర్వాత మాట తేడా రాదు. పులిహోర, చపాతీలు, ఆవకాయ కట్టుకుని వెళ్తే ఖర్చు బాగా కలిసొస్తుంది. మోటెల్ గదిలో మాత్రం పోపు పెట్టకూడదు. ఆ పొగకు అలారం మోగితే పక్క గదుల్లో నిద్రపోతున్న వాళ్లు కూడా లేవాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, గది అద్దె మిగులుతుందని రాత్రంతా కారు నడపడం. బుధవారం పొద్దున ఏడింటికి లేచి క్లాసులకు వెళ్లి, సాయంత్రం ఆరింటికి డాలస్‌లో బయల్దేరినవాడు అర్ధరాత్రికి అమరిల్లో దరిదాపుల్లో ఉంటాడు. అప్పటికి పదిహేడు గంటలుగా కంటి మీద కునుకు లేదు. మూడింట రెండు వంతుల దారి ఇంకా మిగిలే ఉంది. పదిహేడు గంటల మెలకువ రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నదానితో సమానమని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ముందున్న దారి కూడా తేలికైనది కాదు. ఫ్లాగ్‌స్టాఫ్ ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. ఆ రోజుల్లో అక్కడ మంచు కురవచ్చు. వంతెనల మీద రోడ్డు కన్నా ముందే గడ్డ కడుతుంది. చీకట్లో ఎల్క్ అనే పెద్ద దుప్పులు రోడ్డుకు అడ్డం వస్తాయి.

డ్రైవరు పక్క సీటులో ఉన్నవాడు నిద్రపోకూడదు. మ్యాపు చూడటం, ఫోనుకు బదులివ్వడం, నీళ్ల సీసా మూత తీసి అందించడం అతని పని. రెండు గంటలకోసారి నడిపే మనిషి మారాలి. "నిద్రొస్తోందిరా, ఆపుతా" అన్నవాణ్ణి ఒకసారి ఎగతాళి చేస్తే, ఆ కారులో మళ్లీ ఎవరూ ఆ మాట అనరు. అందుకే ఆ మాట విన్న వెంటనే, ఎవరూ వాదించకుండా, ముందు వచ్చే రెస్ట్ ఏరియాలో ఆపాలి.

వెనక ఎరుపు, నీలం దీపాలు వెలిగితే కుడి అంచుకు తీసి ఆపాలి. మన దగ్గర కారు దిగి పోలీసు దగ్గరికి వెళ్లి మాట్లాడటం మర్యాద. అమెరికాలో అలా దిగితే దాడికి వస్తున్నాడనుకునే ప్రమాదం ఉంది. అద్దం దించి, చేతులు స్టీరింగు మీద ఉంచి కూర్చోవాలి. కాగితాలు ఎక్కడున్నాయో చెప్పాకే చెయ్యి చాపాలి. డబ్బు ఇవ్వజూపడం నేరం. పద్దెనిమిదేళ్లు నిండిన విదేశీయులు నమోదు పత్రం, అంటే చాలామందికి ఐ-94, వెంట ఉంచుకోవాలని చట్టం చెబుతోంది. పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కూడా ఉంటే మంచిది. తాగి నడిపి పట్టుబడితే వీసాయే రద్దు కావచ్చు.

ఇంత దూరం వెళ్లి చూడదగిన చోటే గ్రాండ్ కాన్యన్. కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 277 మైళ్లు, లోతు సుమారు ఒక మైలు. అడుగున ఉన్న విష్ణు శిలలు దాదాపు 170 కోట్ల ఏళ్లనాటివి. ఎదురుగా కనిపించే శిఖరాల్లో శివ, విష్ణు ఆలయాలన్న పేర్లున్నవీ ఉన్నాయి. ఆ పేర్లు పెట్టింది 1880ల్లో అక్కడ సర్వే చేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్. అంచు వెంబడి చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. ఫొటో కోసం వెనక్కి అడుగు వేయమని స్నేహితుణ్ణి ఎవరూ తొందరపెట్టకూడదు.

వెళ్లే దారి, బస చేసే చోటు, వెంట వచ్చేవారి ఫోను నంబర్లు ఊళ్లో అమ్మానాన్నలకూ, గదిలో ఉండిపోయే రూమ్మేటుకూ తెలిసి ఉండాలి. ఇంట్లో భయపడతారని దాచిపెడితే, అవసరం పడిన రోజున వాళ్లకు ఎవరిని అడగాలో తెలియదు. పెద్దలకూ ఒక విన్నపం: దారిలో ఉన్న పిల్లలకు పదేపదే ఫోను చేయకండి. అరిజోనా గడియారం మన కన్నా పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి గది చేరి వాళ్లు ఫోను చేస్తే ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర. అప్పటిదాకా ఓపిక పట్టండి.