జాంబీని కాలిస్తే పాపమా?

గేమ్స్ ఆడే చాలామందికి వచ్చే సందేహమే ఇది. పొద్దున విష్ణు సహస్రనామం చదివి, సాయంత్రం మాల్‌లో గేమ్ జోన్‌కి వెళ్లి జాంబీలని కాలిస్తే అది హింస కిందకి వస్తుందా?

"అవి పిక్సెల్స్ బాస్, ప్రాణం ఎక్కడుంది" అంటారు కొందరు. నిజమే, అక్కడ ఎవరూ చావలేదు. కాబట్టి హత్యాపాపం అనే మాటే లేదు. కానీ ప్రశ్న అక్కడితో అయిపోదు.

సెగా వాళ్ళ 'ది హౌస్ ఆఫ్ ది డెడ్' తీసుకోండి. 1998లో దీని రెండో భాగం కూడా వచ్చింది. చేతిలో తుపాకీ, అందులో ఆరు గుళ్ళు. అయిపోతే స్క్రీన్ బయటకి గురిపెట్టి రీలోడ్ చేసుకోవాలి. జాంబీలు మీదకి వస్తుంటే వాటి మధ్యలో మామూలు మనుషులు కూడా కనిపిస్తారు. వాళ్ళని కాపాడితే కథ వేరే దారిలో వెళ్తుంది. పొరపాటున వాళ్ళని కాలిస్తే మన లైఫ్ ఒకటి పోతుంది. "కావాలని కాల్చలేదు" అంటే గేమ్ వినదు. నేను కోడ్ రాసేవాణ్ని కాబట్టి నాకిది బాగా అర్థమవుతుంది. గుండు ఎవరికి తగిలిందన్నదే ప్రోగ్రాం చూస్తుంది. ఉద్దేశం అనే వేరియబుల్ అందులో ఉండదు.

మరి ధర్మం ఏం చూస్తుంది? దశరథుడి కథ గుర్తు తెచ్చుకోండి. సరయూ తీరం, చీకటి. కుండలో నీళ్ళు నిండుతున్న చప్పుడు. ఏనుగు అనుకుని బాణం వేశాడు. తగిలింది మునికుమారుడికి. మనం శ్రవణకుమారుడు అంటాం కదా, ఆయనే. దశరథుడికి ఆ పిల్లాడి మీద ద్వేషం లేదు, చంపాలన్న ఆలోచన అసలే లేదు. అయినా పుత్రశోకంతో పోతావని శాపం తగిలింది.

ఇక్కడ వాల్మీకి రామాయణంలో ఒక సూక్ష్మం ఉంది. తెలియక చేశావు కాబట్టే బతికున్నావు అంటాడు ఆ తండ్రి. నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల ముక్కలయ్యేది అని కూడా అంటాడు. అంటే ఉద్దేశానికి విలువ ఉంది, ఒప్పుకోవడానికీ విలువ ఉంది. వాటివల్ల శిక్ష తగ్గింది. కానీ ఫలం మాత్రం పోలేదు. ఎందుకంటే "చంపాలనుకున్నావా" అన్నదొక్కటే కాదు, "చూశావా" అన్నది కూడా ధర్మం అడిగే ప్రశ్నే.

ఇది అన్యాయం కాదా అనిపించొచ్చు. చీకట్లో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలియనప్పుడు బాణం వదలకపోవడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. కళ్ళతో చూడకుండానే కొట్టగలిగే శబ్దభేది విద్య ఆయన గొప్పతనం. ఆ గొప్పతనమే ఆయన్ని ఆగనివ్వలేదు.

ఇంకో విచిత్రం చెప్తాను. పాత సీఆర్‌టీ స్క్రీన్లతో పనిచేసిన లైట్ గన్ నుంచి ఏమీ బయటకి రాదు. దాని గొట్టంలో వెలుగుని పసిగట్టే సెన్సార్ ఉంటుంది. స్క్రీన్ మీద గీతలు గీస్తూ వెళ్ళే కిరణం మనం గురిపెట్టిన చోటికి ఏ క్షణంలో వచ్చిందో అది పట్టుకుంటుంది. ఆ టైమ్‌ని బట్టి మన గురి ఎక్కడుందో మెషిన్ లెక్క కడుతుంది. పేరుకే తుపాకీ, చేసే పని కన్నుది!

ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్ సంగతి చూడండి. ఎవరి గురించో ఒక మెసేజ్ వస్తుంది. చప్పుడు వినిపించింది, అంతే, ఫార్వర్డ్ కొట్టేస్తాం. ఒక ఫోటో చూసి ఒక మనిషిని కామెంట్లలో చీల్చేస్తాం. ధర్మాన్ని కాపాడుతున్నాం అని కూడా అనుకుంటాం. కానీ అవతల ఉన్నది ఏనుగో, అమ్మానాన్నలకి నీళ్ళు తీసుకెళ్తున్న పిల్లాడో చూశామా?

నా వరకు గేమ్ ఆడటం పాపం కాదు. అందులో ఎదురొచ్చేవి నిజంగానే జాంబీలు, ఆలోచించక్కర్లేదు. బయట ప్రపంచంలో మాత్రం ఏ మనిషీ జాంబీ కాదు. పైగా అక్కడ ఇంకో కాయిన్ వేస్తే ఆట కొనసాగుతుంది. దశరథుడికి ఆ అవకాశం దొరకలేదు.

ఈ వారం ఏదైనా ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క క్షణం ఆగి చూద్దాం. జై శ్రీరామ్.