తెల్లని వస్త్రము ఎవరిది?

ఈస్టరునాడు ప్రభు బల్లపై తెల్లని వస్త్రము పరచుదుము. శ్రమకాలములో ఊదా, పెంతెకొస్తునాడు ఎరుపు, పండుగలు లేని దీర్ఘ దినములలో ఆకుపచ్చ. ఇవి ఎక్కడనుండి వచ్చినవని సంఘస్థులు అడుగుచుందురు. ప్రత్యక్షపు గుడారమునకు ఏ రంగులు కావలెనో దేవుడు మోషేకు సెలవిచ్చెను (నిర్గమ. 25:4). క్రొత్త నిబంధన సంఘమునకు అట్టి ఆజ్ఞ లేదు. 1198లో మూడవ ఇన్నోసెంటు అను పేర పోపైన లొతారియో, అంతకు కొంచెము ముందు రోమా సంఘపు వాడుకను వివరించుచు తెలుపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ అను నాలుగు ముఖ్యమైన రంగులను పేర్కొనెను. కాబట్టి ఇది మనుష్యుల ఏర్పాటే. సైనికులు ప్రభువునకు తొడిగించిన అంగీ ఎఱ్ఱనిదని మత్తయి, ఊదారంగుదని మార్కు వ్రాసిరి. రంగుల కొరకు వాదులాడువారు దీనిని గమనింతురు గాక. రంగుబట్టలు పరచని బాప్తిస్టు సహోదరుల ఆరాధన మన ఆరాధనకంటె తక్కువది కాదు (రోమా. 14:5, 6). శక్తిలేని సంఘము అప్పుచేసి నాలుగు రంగులు కొననక్కరలేదు. ఉతికిన తెల్లగుడ్డ ఒకటి చాలును.

అయితే ఆ తెలుపే మనకొక చిక్కు తెచ్చుచున్నది. మన క్రైస్తవ పెండ్లికుమార్తె తెల్లచీర కట్టును. మన చుట్టుపట్ల అనేక కుటుంబములలో భర్త పోయిన స్త్రీకిని తెల్లచీరయే కట్టించిరి. ఒకే రంగు ఒకతెను ముందుకు పిలుచుచున్నది, మరియొకతెను గోడచాటుకు నెట్టుచున్నది. విధవరాలైన తల్లి తన కుమార్తె పెండ్లిలో దీవించుటకు ముందుకు రాక వెనుక నిలుచుట మన విశ్వాసుల గృహములలోను చూచుచున్నాము. ఆమెను రావద్దని ఎవరును నోట చెప్పరు, ఆమెయే తొలగును. చెప్పకయే తొలగునట్లు చేసినది మనమే.

బల్లపై తెలుపు మాని బంగారు వన్నె పరచిన బాగుండునని కొందరందురు. తప్పులేదు గాని, అందువలన ఆ తల్లి ముందుకు రాదు. ప్రకటన 7:13, 14 చదువుడి. సింహాసనము ఎదుట తెల్లని వస్త్రములు ధరించుకొనినవారు దుఃఖమెరుగనివారు కారు. మహాశ్రమలలోనుండి వచ్చి, గొఱ్ఱెపిల్ల రక్తములో తమ వస్త్రములు ఉదుకుకొనినవారు. ఈస్టరు ఉదయమున సమాధిలో తెల్లని వస్త్రములతో కూర్చున్న దేవదూతలను మగ్దలేనే మరియ చూచినది ఏడ్చుచుండగానే (యోహాను 20:11, 12). ఈ తెలుపు మొదటినుండి ఏడ్చువారికి చూపబడినదే.

కావున పెండ్లి ఆరాధనలో తల్లి కట్టిన చీర ఏ రంగైనను, వధువును దీవించుటకు ఆమెనే మొదట పిలువవలెనని సంఘపెద్దలతో చెప్పుచున్నాము. అది వాడుక కాదని కొందరు పెద్దలందురు. బల్లమీది రంగులును వాడుకయే గదా! వాటిని మార్చుకొనుటకు స్వాతంత్ర్యము కలదని ఒప్పుకొనినవారు దీనిని మార్చలేమనుట ఎట్లు?