వండి జాము దాటిన అన్నం

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు తిండిని సాత్వికం, రాజసం, తామసం అని విడదీస్తాడు. వండి జాము దాటింది, రుచి చచ్చింది, ఒకరు తినగా మిగిలింది తామసులకు ఇష్టమంటాడు. జాము అంటే మూడు గంటలు. మొదటి షిఫ్టుకు పోయేవాడి సద్ది తెల్లవారకముందే కడతారు. బొగ్గుబాయిలో దాన్ని విప్పేసరికి జాము ఎప్పుడో దాటిపోతుంది. ఆ లెక్కన గోదావరిఖనిలో బొగ్గు తవ్వినవాళ్ళమంతా తామసులమే. ఓవర్‌మన్‌గా రిటైరైన నాకు ఈ లెక్క ఏనాడూ మింగుడు పడలేదు.

కింద తినడం ఎట్లా ఉంటుందో చెప్తాను. గాలి ఆడేచోట, కప్పు గట్టిగా ఉన్నచోట నలుగురైదుగురు కూచుంటారు. టోపీ దీపం కిందికి వంచితే వెలుగంతా గిన్నెల మీదే, ముఖాలు కనపడవు. సీసా వంచి చేతులు కడుక్కుంటే నల్లటి నీళ్ళు కారతాయి. ఒకడి పుంటికూర ఇంకొకడి అన్నంలోకి పోతుంది, వాడి మామిడికాయ తొక్కు ఇటు వస్తుంది. పైన ఒకరింట ఒకరు మంచినీళ్ళు ముట్టని కులాలవాళ్ళు కింద ఒకే గిన్నెలో చెయ్యి పెట్టడం చూశాను. ఎంగిలి లెక్క తీస్తే అదీ తామసమే. కానీ తన కోసమే వండుకునేవాడు పాపాన్నే తింటున్నాడని అదే గీత మూడో అధ్యాయంలో ఉంది. నా ఓటు మూడో అధ్యాయానికే.

తిండిని బట్టి మనిషికి మార్కులు వేసే అలవాటు ఇప్పుడు లిపిడ్ ప్రొఫైల్ కాగితం మీదికి ఎక్కింది. ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయంటే చాలు, ‘నోరు కట్టుకోలేదు, అనుభవించు’ అంటారు. మా పక్క క్వార్టర్ తమ్ముడు రిపోర్టు పట్టుకొచ్చి, “చుక్క ముట్టను, యాటకూర దసరాకే తింటా. ఏం పాపం జేసిన్నే అన్నా?” అన్నాడు. “పాపం ముచ్చట పక్కకు పెట్టు. రోజుకు ఎన్నిసార్లు అన్నం తింటవ్?” అన్నాను. మూడుసార్లట. చక్కెర వేసిన చాయ్‌లకు లెక్కే లేదు. తెల్లన్నం, చక్కెర, మందు, ఈ మూడే మన దగ్గర ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా పెంచేవి. వంశంలో వచ్చేదీ ఉంటుంది. అందులో పాపమేముంది?

అదే కాగితంలోని కొలెస్ట్రాల్ మీద కూరగాయల పని వేరే దారిలో జరుగుతుంది. కొవ్వు అరగడానికి కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసం తయారుచేస్తుంది. పని అయ్యాక అందులో చాలాభాగం పేగుల నుంచి మళ్ళీ కాలేయానికే చేరుతుంది. బెండ, చిక్కుడు, జామ లాంటివాటిలో ఉండే కరిగే పీచు కొంత రసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. బాయిలో కిందికి పోయిన బొగ్గు టబ్బులు తిరిగి రాకుంటే పైన కొత్తవి చేయించాల్సిందే కదా. కాలేయమూ కొత్త రసం కోసం రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. తగ్గేది కొంతే, డాక్టరు రాసిన గోలీకి బెండకాయ బదులు కాదు. అన్నం కుప్ప అట్లాగే ఉంచి పక్కన రెండు ముక్కలు వేసుకున్నా లాభం తక్కువ. అన్నం జరిగి కూరకు చోటివ్వాలి. పండు కొరికి తినాలి. పిండి వడగడితే పీచు చాలావరకు పోయి చక్కెర గ్లాసులో మిగులుతుంది.

కార్తీకంలో మాల వేసిన కార్మికులు 41 రోజులు మాంసం, మందు ముట్టరు. అప్పుడు రిపోర్టు బాగుపడిందంటే మందు మానిన ఫలితమే అందులో ఎక్కువని నేననుకుంటా. నెయ్యి, బెల్లంపాకం ప్రసాదమైనంత మాత్రాన రక్తం వాటిని వేరుగా చూడదు. మాంసం మానినవాడి విస్తట్లో ఆకుకూర ఉండాలన్న నియమమూ లేదు. అప్పడం, ఆలుగడ్డ వేపుడుతోనూ దీక్ష గడిచిపోతుంది.

నాకు నచ్చిన మాట తైత్తిరీయోపనిషత్తులో ఉంది. వరుణుడి కొడుకు భృగువు తపస్సు చేసి మొట్టమొదట అన్నమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. ఆ భాగంలోనే వ్రతాలు చెప్పారు: అన్నాన్ని నిందించొద్దు, తోసేయొద్దు, అన్నాన్ని సమృద్ధి చెయ్యి. మొదటి రెండూ ఒక్క మనిషి పాటించగలిగినవి. మూడోది పదిమంది చేతులు పడితే తప్ప సాగదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. నలుగురున్న ఇంటికి కూరగాయలే కిలోన్నర దాటుతాయి. పర్మినెంటు కార్మికుడు కొంటాడు. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో ఆ సంచి రోజూ నిండాలంటే మాటలు కాదు. అటువంటివాడికి నిగ్రహం గురించి ఉపన్యాసం ఇవ్వడం నా దృష్టిలో అన్నాన్ని నిందించడం కంటే పెద్ద తప్పు.

కాబట్టి స్వాములకు భిక్ష పెట్టేవాళ్ళకు, అన్నదానాలు చేయించేవాళ్ళకు నా విన్నపం ఒకటే. ఈసారి రెండు స్వీట్లలో ఒకటి మానేయండి. ఆ డబ్బుతో తోటకూర పప్పు చేయించండి, విస్తరికో జామకాయ పెట్టండి.