హంతకుణ్ని ముందే చూపిస్తే

ఆగథా క్రిస్టీ 1926లో ప్రచురించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ గుట్టును ఇంకా దాచి మాట్లాడటం అనవసరం. కథ చెబుతున్న డాక్టర్ షెపర్డే హంతకుడు. అతను మనతో అబద్ధమాడడు. ఎనిమిదీ నలభైకి ఉత్తరాలొచ్చాయంటాడు, ఎనిమిదీ యాభైకి గదిలోంచి వచ్చేశానంటాడు. నడుమ పది నిమిషాల్లో ఏం చేశాడో చెప్పడు, మనమూ అడగం. వాక్యానికీ వాక్యానికీ మధ్య జారిపోయినదాన్ని వెతికే అలవాటు పాఠకుడికి లేదు. ఆ అలవాటు లేకపోవడం మీదే నవలంతా నిలబడింది. 2000లో డేవిడ్ సూషే పత్తేదారు పొయిరోగా దీన్ని టెలివిజన్‌కు తీసినప్పుడు హంతకుడి డైరీని పొయిరో గొంతుతో చదివించారు. హత్యా, అనుమానితులూ అందులోనూ ఉన్నారు. మనల్ని నమ్మించిన గొంతు మాత్రం పోయింది. అది తీసినవారి చేతకానితనం అనుకోను. తెరమీద షెపర్డ్ మన ఎదుట నిలబడ్డ నలుగురిలో ఒకడు. అతని కళ్ళతో లోకాన్ని చూడటం మాని అతన్నే చూస్తుంటాం. పత్తేదారు కథను తెరకెక్కించేవారు మొదట వదులుకోవాల్సింది ఈ రహస్యం మీది మమకారాన్నే అని నాకనిపిస్తుంది.

కెమెరా కూడా దాచగలదుగా అనొచ్చు. హిచ్‌కాక్ ఆ పని చేసి చూశాడు. ‘స్టేజ్ ఫ్రైట్’ (1950)లో ఒక పాత్ర చెప్పిన అబద్ధాన్ని జరిగినట్టే ఫ్లాష్‌బ్యాక్‌లో చూపించాడు. చాలామందికి మింగుడుపడలేదు, అది పొరపాటేనని తర్వాత ఆయనే అన్నాడు. చెవితో విన్నది అబద్ధమైతే చెప్పినవాణ్ని తప్పుపడతాం, కంటితో చూసింది అబద్ధమైతే సినిమానే తప్పుపడతాం. సిడ్నీ లూమెట్ 1974 నాటి ‘మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్’ చివరిదాకా గుట్టు కాపాడిందన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. చిన్న వేషంలో పెద్ద నటుడు కనబడితే దొంగ వాడేనని పసిగట్టే విద్య ప్రేక్షకులకు బాగా వచ్చు. లూమెట్ రైలు నిండా షాన్ కానరీ, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ లాంటివాళ్ళనే ఎక్కించి ఆ విద్యను పనికిరాకుండా చేశాడు. ముగింపు తెలిసినవారికి ఆ ఎంపికలోని గడుసుదనం ఇంకా బాగా తెలుస్తుంది. అయితే ఆ ఉపాయం ఆ ఒక్క కథకే చెల్లుతుంది.

సత్యజిత్ రే దారి వేరు. ‘సోనార్ కెల్లా’ ఆయన సొంత నవలే కాబట్టి మూలం అర్థం కాలేదని ఎవరూ అనలేరు. నవలలో దొంగలెవరో చివరికి గాని బయటపడదు. 1974 నాటి సినిమాలో పసివాడు ముకుల్‌ను వెంట తీసుకెళ్తున్న అసలు డాక్టర్ హాజ్రాను వాళ్ళు కొండమీంచి తోసేయడం ముందే చూస్తాం. తర్వాత ఆ పేరు పెట్టుకున్న మోసగాడు ముకుల్‌తో ముద్దుగా మాట్లాడుతుంటే, పత్తేదారు ఫెలూదాతో మర్యాదలు పోతుంటే, ప్రతి చిరునవ్వూ భయపెడుతుంది. మరి ఇందులో అపరాధ పరిశోధన ఏం మిగిలింది? ఫెలూదా బుర్ర మిగిలింది. మనకు తెలిసినదాన్ని అతను ఏ ఆధారంతో, ఎంతసేపట్లో పట్టుకుంటాడన్నది మిగిలింది. నేరాన్ని ముందే చెప్పేసి, పరిశోధన మీదే ఆసక్తి నిలపవచ్చని ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే ‘ది సింగింగ్ బోన్’ కథలతో చూపించాడు. హోమ్స్ కథల్ని నాలుగోసారి చదివేదీ దొంగెవరో తెలియక కాదు. రే ఇందుకు చెల్లించిన వెల, కథ చెప్పే ఫెలూదా తమ్ముడు తోప్షే. నవలలో అతను చూసిందే మనం చూస్తాం. సినిమాలో అన్న పక్కన నడిచే కుర్రాడైపోయాడు. ఆ ఖాళీని వాళ్ళతో కలిసే రచయిత జటాయు హాస్యం చాలావరకు పూడ్చింది, పూర్తిగా కాదు. అయినా ఈ బేరంలో రే నష్టపోలేదనే అంటాను.