ముసలితనమునకు తోడైన మూగజీవి

వృద్ధులైన తలిదండ్రులకు తోడుగా ఇంటిలో ఒక చిన్న కుక్కను పెంచవచ్చునా? పెంచినయెడల ఎట్టిదానిని ఎన్నుకొనవలెను? ఇది అల్పమైన ప్రశ్నగా కనబడవచ్చును గాని, దీనిలో ప్రేమను గూర్చిన పెద్ద ప్రశ్న దాగియున్నదని మేము తలంచుచున్నాము.

మన కృష్ణపట్నము సంగతియే చూడుడి. 2008లో కొత్త ఓడరేవు పనిచేయ నారంభించినది మొదలు ఇచ్చటికి పని వెదకుచు వచ్చినవారున్నారు. ఇచ్చటనుండి చెన్నైకి, హైదరాబాదునకు వెళ్లిన పిల్లలును ఉన్నారు. సాయంకాలము దీపము వెలిగించి, పలుకరించు మనిషి లేక కూర్చుండు అవ్వతాతలు మనకు తెలియనివారు కారు. “అమ్మకు ఒక కుక్కపిల్లను కొనియిత్తము” అని పిల్లలు తలంచుట సహజమే.

లేఖనములలో కుక్క పేరు హీనముగానే వచ్చునని కొందరందురు. చాల చోట్ల అది నిజమే. అయినను మత్తయి సువార్త 15వ అధ్యాయములోని కనాను స్త్రీని మరువరాదు. బల్లక్రింద రాలిన ముక్కలతో బ్రదుకు ఇంటి కుక్కలను ఆమె ఎరుగును. అచ్చటి గ్రీకు పదము చిన్న కుక్క అను అర్థము నిచ్చునదే.

ఇక ఎన్నిక మాట. 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్ జాతి కుక్క కనబడిన తరువాత దానిని కోరినవారు అనేకులు. అది శాంతమైనదే. కాని కుక్కలు మనవలె ఒళ్లంతయు చెమర్చవు; రొప్పుటచేతనే వేడిని పోగొట్టుకొనును. చప్పిడి ముక్కుగల పగ్‌కు మే నెలలోని మన తీరపు ఉక్కలో ఊపిరాడుట కష్టము. పొమరేనియన్‌కు బొచ్చు దట్టము, అలికిడికెల్ల మొరుగును. మన ఊరి కుక్కకు వెండ్రుకలు పొట్టి, ఎండకు ఓర్పు హెచ్చు. జాతికంటె వయస్సు ముఖ్యము. కుక్కపిల్ల కాళ్లకు అడ్డుపడును. అవ్వ తూలి పడినచో తుంటి ఎముక విరుగవచ్చును. ఆరేడేండ్లు నిండి, నెమ్మది గుణము మనకు ముందే తెలిసిన చిన్న కుక్క మేలు. దానికి రేబిస్ టీకాలు తప్పక వేయింపవలెను.

చిన్న కుక్క సాధారణముగా 12 మొదలు 15 ఏండ్లు బ్రదుకును. 75 ఏండ్ల తల్లి ఒడిలో నేడు కుక్కపిల్లను పెట్టినయెడల, అది ముసలిదగునాటికి ఆమెకు 90 ఏండ్లు సమీపించును. ఆమె మంచము పట్టిననాడు దానికి అన్నము పెట్టువారెవరు? ఆమె పోయిన మరునాడు అది వీధిపాలు కావలసినదేనా? నోరులేని జీవముల యెడల కనికరము నీతిలో భాగమని సామెతలు 12వ అధ్యాయము నేర్పుచున్నది. కాబట్టి తెచ్చియిచ్చినవారే దాని తరువాతి భారమును కూడ ముందుగా ఒప్పుకొనవలెను.

మరియొక మాట. కుక్క పాదములయొద్ద పండుకొని ఆమె ఒంటరితనమును కొంత తగ్గించును. మందు వేసికొంటివా అని అడుగనేరదు. జ్వరము వచ్చిన రాత్రి డాక్టరును పిలువనేరదు. కుక్క యున్నది గదా యని మన రాకపోకలు తగ్గించుకొనినచో, మన బాధ్యతను ఒక మూగజీవి మెడకు కట్టినవారమగుదుము.

ప్రియ చదువరులారా, కొనకముందు తల్లినే అడుగుడి. వద్దనిన ఆమె మాటను గౌరవింపుడి. కావలెననిన నెమ్మదిగల దానిని తెచ్చి యిండు. ఆ తరువాత దానిని చూచు నెపముననైనను తరచుగా ఇంటికి పోవుచుండుడి.